పెంచల్ ఎలెవన్

ఆ ఎండాకాలం మా ఇంట్లో పొద్దున లేచింది మొదలు పేర్ల గొడవే. పుట్టిన బిడ్డకి కాదు, క్రికెట్ టీముకి. మా ఆయన నాగేంద్రప్రసాద్ ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. వారమంతా వాళ్ళ కారు తోలుతాడు, వాళ్ళ పిల్లల్ని బడికి దింపుతాడు, వాళ్ళ మాటకి తలూపుతాడు. శుక్రవారం మాత్రం ఆయన కెప్టెన్. ఆ ఒక్కరోజు ఆయన నడకే వేరు, చూస్తే నవ్వొస్తుంది.

మేముండే కువైట్‌లో అమ్ఘరా అనే చోట తుక్కు యార్డుల వెనక ఖాళీ నేల ఉంది. గడ్డిపోచ మొలవదు. మధ్యలో సిమెంటు పట్టీ, దాని మీద చాప, చుట్టూ సున్నపు గీత. దాన్నే మేం గ్రౌండు అంటాం. రంజాన్ అయిపోయాక అక్కడ మా లీగు మొదలవుతుంది, జూన్ ఎండలు ముదిరేలోపు ముగుస్తుంది. ఆట తెల్లవారుతూనే మొదలుపెడతారు. ఎండ నెత్తికెక్కితే అక్కడ నిలవడం ఎవరి వల్లా కాదు.

ముందు మా టీము పేరు, మేముండే పేట పేరు మీద, అబ్బాసియా టైగర్స్. ఆ ఏడు ఇంకో టీము అదే పేరు మాకంటే ముందు రాయించుకుంది. లీగు వాళ్ళు మమ్మల్ని వేరే పేరు పెట్టుకోమన్నారు. తేల్చుకునేదాకా వారానికొక పేరు చెప్పి ఆడుకోండి, మాకేం అభ్యంతరం లేదన్నారు. వాళ్ళు అలా అనకపోయుంటే బాగుండేది. ఆడేవాళ్ళకి లేని పట్టింపు చూసేవాళ్ళకి వచ్చింది.

చూసేవాళ్ళంటే డ్రైవర్లు, వంటవాళ్ళు, యార్డు కూలీలు, సెలవు దొరికిన ఆడవాళ్ళు. అందరూ మా రాజంపేట, రాయచోటి వైపు వాళ్ళే. జాన్‌బాబు ఒక్కడే గోదావరి జిల్లా మనిషి, ఆసుపత్రిలో వార్డు పని. అందరికీ పెద్దదిక్కు చిన్నపుల్లయ్య మామ, తాపీమేస్త్రీ. మోకాళ్ళు అరిగి ఆట మానేశాడు. గీత పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని తీర్పులు చెబుతుంటాడు. నేను అబ్బాసియాలో లేడీస్ టైలర్ షాపులో కుడతాను. టీము చొక్కాల వెనక పేర్లు కుట్టేది కూడా నేనే.

ఇక మా తమ్ముడు పెంచల్. అమ్మానాన్న పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది నేనే. ఇక్కడికొచ్చాక ఆ యార్డుల్లోనే ఇనుము కోసే పనిలో కుదిరాడు. చలికాలం చివర్లో ఒక శుక్రవారం ప్రాక్టీసుకి రాలేదు. రూముకెళ్ళి చూస్తే బ్యాగు ఉంది, ఆడే బూట్లున్నాయి, మనిషి లేడు. ఫోన్ పలకలేదు. స్టేషన్లో అడిగాం, ఆసుపత్రుల్లో అడిగాం, ఊళ్ళకి తిప్పి పంపేవాళ్ళని ఉంచే చోట అడిగాం. ఎక్కడా లేడన్నారు. లీగు మొదలయ్యేనాటికీ కబురు లేదు.

"కడప కింగ్స్ అని పెడదాం. దమ్ముగా ఉంటాది," అన్నాడు మా ఆయన మొదటి శుక్రవారం.

"అదేంటండి బాబూ! మరి నేనెవర్ని? తెల్లారకుండా వచ్చి మీకోసం గొంతు చించుకునేది గోదారోడు కాదా?" అన్నాడు జాన్‌బాబు.

"నువ్వు వచ్చేది నేను తెచ్చే ఇడ్లీ కోసరం గదప్పా," అన్నాను. అందరూ నవ్వారు. జాన్‌బాబు కూడా నవ్వి ఇంకో ఇడ్లీ తీసుకున్నాడు.

కడప కింగ్స్ చిత్తుగా ఓడింది. మరుసటి వారం సీమ సింహాలన్నారు. ఆరోజు క్యాచ్ పట్టబోయి మా ఆయన వేలు చీలింది. ఆ పై వారం జాన్‌బాబు ముచ్చట తీర్చడానికి సీమ గోదావరి యునైటెడ్ అన్నారు. ఆరోజు బంతి పోయింది. ఎవరో సిక్సు కొట్టి పోగొట్టింది కాదు. బౌలరు చేతిలోంచి జారి, చదును నేల మీద మెల్లగా దొర్లుకుంటూ పోయింది. అందరం చూస్తూనే ఉన్నాం. తీసుకుందామని వెళ్ళేసరికి లేదు. అక్కడ గుంట లేదు, రాయి లేదు, దాచే కుక్క కూడా లేదు.

నవ్వులు తగ్గాయి. చిన్నపుల్లయ్య మామ కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు.

"ఇది పసిబిడ్డ ఏడుపు మాదిరుండాదప్పా. ఏ పేరు పెట్టినా ఊరుకోల్యా. ఎవురో పేరు అడగతాండారు."

"పేరు అడగడమేంటి మావయ్యా?" అన్నాడు జాన్‌బాబు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. పుట్టిన బిడ్డ పాలు ముట్టకుండా ఊరికే ఏడుస్తుంటే, ఇంట్లో పోయినవాళ్ళెవరో తమ పేరు పెట్టమని అడుగుతున్నారంటారు. పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే బిడ్డ చెవిలో చెబుతారు. ఏ పేరుకి ఏడుపు ఆపితే ఆ పేరే ఖాయం. ఆ తర్వాత పోయిన మనిషి ఇంటి చుట్టూ తిరగడు, బిడ్డా సుఖంగా పెరుగుతుంది. బతికున్నవాళ్ళ పేరు మాత్రం చచ్చినా పెట్టరు. ఇదంతా జాన్‌బాబుకి మామ విడమరచి చెప్పాడు.

"ఐతే ఎవరు అడుగుతున్నట్టు?" అన్నాడు జాన్‌బాబు.

మామ నా వైపు చూడలేదు. మిగతావాళ్ళూ చూడలేదు. అంతమంది ఒక్కసారిగా నన్ను చూడకుండా తల తిప్పుకునేసరికి నాకు విషయం తెలిసిపోయింది. ఒళ్ళు మండింది.

"నా తమ్ముడు సచ్చిపోయినాడని మీకెవురు చెప్పినారు?" అన్నాను. "కనపడలేదు, అంతే. ఆటలో ఓడిపోయేది చేతగానితనం. దానికి వాణ్ణి ఎందుకు లాగతారు?"

ఇడ్లీల గిన్నె తీసుకుని వెళ్ళి కారులో కూర్చున్నాను. ఏడుపొచ్చింది. వాడు పోయాడేమోనన్న మాట నా లోపలా ఉంది. పైకి మాత్రం అనలేదు. వీళ్ళు అనబోయారని నాకు కోపం.

తర్వాతి శుక్రవారం గాలి దుమారం వస్తుందని ముందు రోజే ఫోన్లలో హెచ్చరిక వచ్చింది. అయినా అందరూ వచ్చారు. ఆరోజు మా పేరు అబ్బాసియా బాయ్స్. పేరు మీద వాదన కూడా సరిగ్గా జరగలేదు. ఎవరో అన్నారు, ఎవరూ కాదనలేదు. అవతల హైదరాబాద్ వాళ్ళ టీము. వాళ్ళ కెప్టెన్ మహమ్మద్ గౌస్ బ్యాటింగు చేస్తున్నాడు. ఆకాశం రాగిచెంబు రంగుకి తిరిగింది. యార్డుల కంచెలు కనపడటం మానేశాయి.

గౌస్ ఉన్నట్టుండి బ్యాటు దించాడు. "భాయ్, మీ దాంట్ల పన్నెండు మంది ఉన్నరు. ఒకర్ని బయటకి పంపుండ్రి."

అంపైరు వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. పదకొండే వచ్చింది.

"మరి ఆ మూలకి నిలబడ్డోడు ఎవరు?" అన్నాడు గౌస్, కీపరు వెనక దూరంగా బౌండరీ వైపు చెయ్యి చూపి.

ఆ మూలలో ఎవరూ లేరు. దుమ్ము ఉంది. పొద్దున పూట ఆ మూలకి నిలబడితే ఎండ సూటిగా కళ్ళలో పడుతుంది. అందుకని ఎవరూ అక్కడ నిలబడటానికి ఒప్పుకోరు. ఎప్పుడూ పెంచల్ నిలబడేవాడు.

గౌస్ గొణుక్కుంటూ మళ్ళీ బ్యాటు ఎత్తాడు. వచ్చిన బంతి బ్యాటు అంచుకి తగిలి ఆ మూలకే పోయింది. దాని వెనక మా వాళ్ళెవరూ పరుగెత్తలేదు. ఖాళీ మూల, ఎలాగూ ఫోరే అనుకున్నారు. గౌస్ కూడా తీరిగ్గా నడుస్తున్నాడు. దుమ్ములోంచి బంతి వెనక్కి వచ్చింది. ఒక్కసారి నేలకి తాకి కీపరు చేతుల్లో పడింది.

పెంచల్ పక్కకి వంగి, చెయ్యి నేలకి దగ్గరగా తిప్పి విసిరేవాడు. ఒక్కసారి తాకి సరిగ్గా కీపరు చేతుల్లోకి వచ్చేది. చిన్నప్పుడు చింతకాయలకి రాళ్ళు విసిరి నేర్చుకున్న చెయ్యి. ఇంకెవరు విసిరినా అలా రాదు. కీపరు బంతి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు, వికెట్లు పడగొట్టాలని కూడా తోచలేదు. గౌస్ ఆ మూలకేసి ఒకసారి చూశాడు. ఎవరూ అవుటని చెప్పకముందే బ్యాటు చంకలో పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

నాకు ముందు సంతోషం వేసింది. నిజం చెబుతున్నాను, వాడు వచ్చాడనుకున్నాను. చెప్పులు వదిలేసి ఆ మూలకి పరుగెత్తాను. యార్డు కంచె, దానికి చుట్టుకుని కొట్టుకుంటున్న ప్లాస్టిక్ కవర్లు. అటూ ఇటూ వెతికాను. మనిషి లేడు, అడుగుల గుర్తు లేదు. అప్పుడు భయం వేసింది. ఆ భయంతోనే వెనక్కి వచ్చాను. ఆరోజు ఆట ఆపేశారు. అందరూ దుమారం వల్ల ఆపామనే చెప్పుకున్నారు.

ఆ వారం చిన్నపుల్లయ్య మామ పొద్దున్నే మా ఫ్లాటుకి వచ్చాడు. కొత్త చొక్కాలు ముందు రోజే వచ్చాయి. వెనక ఏ పేరూ లేని నీలం చొక్కాలు మంచం మీద కుప్పగా పడి ఉన్నాయి. మా ఆయన వాటిని చూపించి, "నీకిష్టం లేకపోతే ఒద్దు సుధా. ఏదో ఒక పేరు కుట్టు," అని డ్యూటీకి బయలుదేరాడు. మనిషి కళ్ళు లోతుకుపోయి ఉన్నాయి. ఆయన కూడా ఆ బంతిని చూశాడు గదా.

మామకి టీ ఇచ్చాను.

"పాపా, నేను బలవంతం చేసేదానికి రాల్యా," అన్నాడు. "పేరు ఇచ్చేస్తే ఆయప్ప చల్లగా పోతాడు. ఈకపోతే ఆ ఎండలో అట్లనే నిలబడుకోనుంటాడు. రక్తసంబంధం ఇయ్యాల. నువ్వు తప్ప వానికెవురుండారు?"

"బతికుంటే మామా?"

"బతికుంటే ఇయ్యకూడదు."

"తెలీక ఇచ్చేస్తే?"

మామ టీ గ్లాసు కింద పెట్టాడు. "మా పక్క అట్ల ఎవురూ చేయల్యా పాపా. చేస్తే ఏమయితాదో నాకు తెల్దు."

ఆయన వెళ్ళాక షాపుకి పోలేదు. చొక్కాల ముందు కూర్చున్నాను. వాడు బతికే ఉంటే ఆ మూలలో నిలబడింది ఎవరు? వాడు కాకపోతే ఆ విసురు ఎవరిది? పోయినవాడే అయితే, దాహమన్నా అడగలేకుండా అలా ఎన్నాళ్ళు నిలబడతాడు? పసివాడప్పుడు ఎండలో తిప్పితే వాడికి ముక్కులోంచి రక్తం కారేది. కొంగు తడిపి నెత్తిన వేసేదాన్ని. ఇప్పుడు వాడి కోసం చేయగలిగింది ఇదొక్కటే అనిపించింది. తెల్లగుడ్డ తీసుకుని అక్షరాలు కత్తిరించాను. మధ్యాహ్నానికల్లా అన్ని చొక్కాల మీదా పెంచల్ అని కుట్టేశాను. కుడుతున్నంతసేపూ ఏడవలేదు. కుట్టడం అయిపోయాక ఏడ్చాను.

శుక్రవారం గ్రౌండులో మామ పద్ధతి ప్రకారమే చేయించాడు. టీముకి చెవి ఎక్కడుంటుంది? కెప్టెన్ చెవే టీము చెవి అన్నాడు. మా ఆయన పిచ్ మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. నేను వంగి ఆయన చెవిలో నా తమ్ముడి పేరు మూడుసార్లు చెప్పాను. ఇంకో రోజైతే ఆ దృశ్యానికి నేనే పకపకా నవ్వేదాన్ని. ఆరోజు జాన్‌బాబు కూడా నవ్వలేదు, టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. మూడోసారి చెప్పేసరికి గాలి ఆగింది. కంచె మీద కవర్ల చప్పుడు కూడా ఆగిపోయింది.

ఇక మాకు ఓటమి లేదు. బ్యాటు తగలని వాడికి తగిలింది. చేతులు వణికే కీపరు ఎగిరి పట్టాడు. చీలిన వేలితోనే మా ఆయన మ్యాచ్ గెలిపించాడు. పన్నెండో మనిషి ఉన్నాడని మళ్ళీ ఎవరూ అనలేదు. ఆ మూల ఉత్త మూలే అయింది. గీత చుట్టూ జనం పెరిగారు. పేరుతో ఏ సంబంధమూ లేని వాళ్ళు, మలయాళీలు, బంగ్లా వాళ్ళు, యార్డు కాపలాదార్లు, అందరూ "పెంచల్! పెంచల్!" అని అరిచేవాళ్ళు. మొదట్లో ఆ కేక వింటే చెవులు మూసుకునేదాన్ని. పోనుపోను అలవాటైంది. ఫైనల్ నాటికి నేనూ అరిచాను. మేమే గెలిచాం. పెంచల్ శాంతించాడని మామ నా నెత్తిన చెయ్యి పెట్టి దీవించాడు. ఆ వారం నాకు మొదటిసారి కడుపునిండా అన్నం సయించింది.

వారం తిరగలేదు, పెంచల్ వచ్చాడు.

మధ్యాహ్నం పూట తలుపు కొడితే తీశాను. గుమ్మంలో చిక్కి సగమై, నల్లగా కమిలిపోయి నిలబడి ఉన్నాడు. కాళ్ళు చూశాను, నేల మీదే ఉన్నాయి. "అక్కా," అన్నాడు. ఆ మాటకి వాణ్ణి పట్టుకుని గుమ్మంలోనే కూలబడిపోయాను. ఒళ్ళు వేడిగా ఉంది, చెమట వాసన వస్తోంది. నా తమ్ముడే, బతికిన తమ్ముడే.

అన్నం పెట్టాను. తింటూ చెప్పాడు. యార్డులో యజమానితో మాటా మాటా పెరిగిందట. పారిపోయాడని కేసు పెడతానన్నాడట ఆ యజమాని. భయపడి, అప్పటికప్పుడు ఎవరిదో పికప్ ఎక్కి ఎక్కడో సరిహద్దు దగ్గర అబ్దలీ వైపు ఒక టమాటా తోటకి పోయాడట. అక్కడ ఫోన్ నీళ్ళలో పడి పాడైంది. నా నంబరు అందులోనే ఉండిపోయింది. దారిలో పోలీసులు పట్టుకుంటారని బయటికి రాలేదు. ఎండలకి టమాటా అయిపోయి తోట మూసేశారు, కూలీలని ఖలాస్ అన్నారు, అందుకని వచ్చాడు.

"శుక్రవారం పొద్దునైతే చాలు, ఎవురో పిల్చినట్టుండేది క్కా," అన్నాడు ముద్ద కలుపుతూ. "పని ఇడిసిపెట్టి, ఆ పిలిచిన దిక్కుకు తిరిగి నిలబడుకునేవాణ్ణి. ఒకసారైతే చేతిలో ఉండే పచ్చికాయ అట్ల ఇసిరినా, ఎందుకిసిరినానో తెల్దు. మళ్ళ కొన్నాళ్ళకి పిలుపు ఆగిపాయ. అప్పటి నుంచి ఊరికే ఉండాను. ఏమీ అనిపించల్యా."

నా చేతిలో గరిటె ఆగింది. వాడు మజ్జిగ పోయమన్నాడు, పోశాను.

సాయంత్రం మా ఆయన వచ్చి, చూసి, తలుపు దగ్గరే నిలబడిపోయాడు. తర్వాత వచ్చి కావలించుకున్నాడు. చిన్నపుల్లయ్య మామకి ఫోన్ చేస్తే "మంచిది పాపా," అని పెట్టేశాడు, చూడటానికి మాత్రం రాలేదు. ఆదివారం ఎంబసీకి తీసుకెళ్ళి ఊరికి పంపించే కాగితాల సంగతి చూద్దామనుకున్నాం. ఆ రెండు మూడు రోజులూ వాడు తింటున్నాడు, పడుకుంటున్నాడు, గోడకేసి చూస్తున్నాడు. మా ఆయన రెండు మూడుసార్లు పిలిస్తే పలకలేదు. అలసట, చెవుల్లో ఇసుక అనుకున్నాం.

శుక్రవారం గ్రౌండులో గెలిచిన విందు. వాడికి మనసు తేలికపడుతుందని వాణ్ణీ తీసుకెళ్ళాం. టీమంతా కొత్త చొక్కాలు వేసుకుని వచ్చింది. వాడు కారు దిగేసరికి జనం పక్కకి తప్పుకున్నారు. ఎవరూ ముట్టుకోలేదు. జాన్‌బాబు ఒక్కడే వచ్చి, "బావున్నావా అబ్బాయ్?" అని చెయ్యి పట్టుకుని బిర్యానీ ప్లేటు ఇచ్చాడు. తర్వాత నా దగ్గరకొచ్చి మెల్లగా అన్నాడు, "ఈ పేరు తీసేద్దామండక్కా. మనిషి వచ్చేశాడు గదా."

"తీసేస్తే ఆ ఏడుపు ఎవురి మీదికి పోతాదో?" అన్నాడు మామ కుర్చీలోంచి. "ఇచ్చినేది ఎనక్కి తీసుకునే పద్ధతి ఏడుండాది?"

"గెలిచిన పేరు మామా," అన్నాడు కీపరు, మా వైపు చూడకుండా. "వచ్చే ఏడు కూడా ఇదే ఉండనీ."

మళ్ళీ వాదన లేచింది. నేను కల్పించుకుని తిట్టబోతుంటే పెంచల్ లేచి కీపరు వెనక్కి వెళ్ళాడు. చొక్కా మీది అక్షరాలని వేలితో తడిమాడు. "కుట్టు బాగుండాది. మా అక్క కుట్టినేదే," అన్నాడు. ప్లేటు కింద పెట్టి, యార్డుల వైపు మెల్లగా నడిచాడు.

వాదనలో పడి వాడు ఎంత దూరం పోయాడో చూసుకోలేదు. చూసేసరికి సున్నపు గీత దాటి యార్డు గేటు దాకా పోయాడు. గేటులోంచి తుక్కు లారీ వెనక్కి వస్తోంది. వాడు సరిగ్గా దాని వెనక నడుస్తున్నాడు.

"పెంచలా!" అని అరిచాను. నా జన్మలో అంత గట్టిగా అరవలేదు.

గ్రౌండులో ఉన్న పదకొండు మందీ ఒక్కసారిగా తిరిగి నా వైపు చూశారు. మా ఆయన కూడా తిరిగాడు. వాడు తిరగలేదు. "పెంచలా! పెంచలా!" అని అరుస్తూ పరుగెత్తాను. వాడి నడక తడబడలేదు, మెడ కదల్లేదు. లారీ పక్కన నిలబడ్డ కూలీ ఎవరో బండి మీద చేత్తో బాదితే డ్రైవరు బ్రేకు వేశాడు. అది వాడికి మూరెడు దూరంలో ఆగింది.

వెళ్ళి భుజం పట్టుకుని ఇవతలికి లాగాను. వాడు ఉలిక్కిపడి నన్ను చూశాడు. నా మొహం, నా చెమట, ఊడిపోయిన నా జుట్టు చూశాడు. చేత్తో నా మొహం తుడిచి, చిన్నప్పుడు నేను వాణ్ణి ఊరడించినట్టు అడిగాడు.

"ఎవుర్ని క్కా అంతగా పిలుస్తాండావు? ఆయప్ప పలకల్యానా?"